తీసివేతల పనివాడు

ఓరియన్ నీహారిక ఫొటో పాత ఖగోళ పుస్తకాల్లో ఎక్కడ చూసినా నడిమధ్య ఒక తెల్లటి మచ్చ ఉంటుంది. చుట్టూ మేఘాల మడతలు, పీచులుపీచులుగా సాగిన వాయువు, వాటి మధ్య చీకటి సందులు, అన్నీ ముచ్చటగానే ఉంటాయి. మధ్యలో మాత్రం ఒట్టి తెలుపు. ట్రపీజియం అని పిలిచే నాలుగు నక్షత్రాల గుంపు ఉన్నది సరిగ్గా ఆ తెలుపులోనే. ఆ మేఘం మొత్తాన్నీ వెలిగిస్తున్నవి అవే. చిన్న టెలిస్కోపుకి కన్ను ఆనించినా నాలుగూ విడివిడిగా కనిపిస్తాయి. గదంత అద్దమున్న టెలిస్కోపుతో గంటసేపు తీసిన ఫొటోలో మాత్రం జాడ ఉండదు.

తప్పు టెలిస్కోపుది కాదు, ఫొటో తీసిన గాజు పలకది కూడా కాదు. పలకలో ఆ నాలుగు నక్షత్రాల చుట్టూ ఉన్న వివరం చాలావరకు దిగే ఉంటుంది. పలకని కాంతికి అడ్డం పెట్టి చూస్తే, దట్టంగా నల్లబడిన చోట పదివేల వంతుల వెలుగులో ఒక వంతు మాత్రమే ఇవతలికి వస్తుంది. పలుచటి చోట దాదాపు అంతా వస్తుంది. ఇంత తేడాని గాజు మీది వెండి రేణువులు మోయగలవు. ఫొటో కాగితం మోయలేదు. దాని నలుపుకీ తెలుపుకీ మధ్య తేడా మహా అయితే వంద రెట్లు. కాబట్టి ప్రింటు వేసేవాడు ప్రతిసారీ ఒక బేరం ఆడాలి. అంచుల్లోని పలుచటి మేఘం కావాలంటే నడిమి భాగం తెల్లబారిపోతుంది, నడిమి భాగం కావాలంటే అంచులు నలుపులో కలిసిపోతాయి. ఎనభై తొంభై ఏళ్ళపాటు ఖగోళ ఫొటోలు ఈ బేరంతోనే అచ్చయ్యాయి.

1970ల చివర ఆస్ట్రేలియాలో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు ఆ బేరం ఒప్పుకోలేదు. ఆయన పేరు డేవిడ్ మాలిన్. 1941లో ఉత్తర ఇంగ్లండులో పుట్టాడు. ఖగోళ శాస్త్రం చదవలేదు. ఒక రసాయనాల కంపెనీలో సూక్ష్మదర్శినులతో ఫొటోలు తీసే పనిలో కుదిరి, మామూలు మైక్రోస్కోపూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపూ వాడుతూ, అతి చిన్న వాటిని కనిపించేలా చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడయ్యాడు. 1975లో ఆంగ్లో-ఆస్ట్రేలియన్ అబ్జర్వేటరీలో ఫొటోగ్రఫీ శాస్త్రజ్ఞుడిగా చేరాడు. అప్పటికి న్యూ సౌత్ వేల్స్‌లో కూనబరాబ్రన్ అనే చిన్న ఊరి దగ్గర, సైడింగ్ స్ప్రింగ్ కొండ మీద, 3.9 మీటర్ల అద్దమున్న ఆంగ్లో-ఆస్ట్రేలియన్ టెలిస్కోపు ప్రారంభమై ఏడాదైనా నిండలేదు. పక్కనే 1.2 మీటర్ల యూకే ష్మిట్ టెలిస్కోపు దక్షిణాకాశాన్ని గాజు పలకల మీద ముక్కలుముక్కలుగా ఎక్కిస్తోంది. ఈ రెండింటి పలకలూ ఆయన చీకటిగదికి చేరేవి.

ఆకాశం ఫొటోల గురించి రాసేవాళ్ళు కొండల గురించీ చలి గురించీ నక్షత్రాల నిండు రాత్రి గురించీ రాస్తారు. తప్పులేదు. కానీ మాలిన్ పనితనం చూడాలంటే పగలు, తలుపులు మూసుకున్న గదిలో చూడాలి. ఆయన చేసిన గొప్ప పనులు దాదాపు అన్నీ అప్పటికే దిగిన వెలుగు మీద చేసినవి. ఆ పనులన్నిటిలోనూ ఒకే సూత్రం. పలకకి ఆయన ఏదీ కలపడు, తీసేస్తాడు.

ఓరియన్ సంగతే తీసుకుందాం. పలకకి ఒకవైపు మందు పూత, అంటే ఎమల్షన్, ఉంటుంది. రెండోవైపు ఒట్టి గాజు. మాలిన్ పలకని తిరగేసి, గాజు వైపు ఒక ఫిల్ము ఆనించి, పైనుంచి చెదిరిన మెత్తటి వెలుగు పడనిచ్చేవాడు. మందు పూతకీ ఫిల్ముకీ మధ్య గాజు మందం అడ్డుంది కాబట్టి ఫిల్ము మీద పడే బొమ్మ అలుక్కుపోయి వస్తుంది. సన్నటి పీచులుండవు, నక్షత్రాలుండవు, ఇక్కడ బాగా వెలుగు, అక్కడ తక్కువ వెలుగు అనే మోటు లెక్క ఒక్కటే మిగులుతుంది. ఆ ఫిల్ముని పలుచగా కడుగుతాడు. అది పాజిటివ్. అంటే పలక నల్లగా ఉన్నచోట ఇది తేటగా, పలక తేటగా ఉన్నచోట ఇది కాస్త మసగ్గా ఉంటుంది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ అదే పలక వెనక, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెడతాడు. పలకలోని మోటు తేడాని ఆ ముసుగు చాలావరకు కొట్టేస్తుంది. అలుక్కుపోయిన బొమ్మలో సన్నటి వివరం లేదు గనక, సన్నటి వివరాన్ని అది ముట్టుకోదు. జంటగా కలిపి ఈ రెంటి గుండా ప్రింటు వేస్తే నడిమి తెల్లమచ్చ విచ్చుకుంటుంది. ట్రపీజియం నక్షత్రాలూ వాటి చుట్టూ మెలికలు తిరిగిన వాయువూ అంచుల్లోని పలుచటి మేఘమూ ఒకే కాగితం మీదికి వస్తాయి.

ఈ కిటుకు ఆయన కనిపెట్టింది కాదు. అచ్చుపని వాళ్ళకీ, ఎక్స్‌రే ఫొటోల వాళ్ళకీ ముందే తెలుసు. పేరు అన్‌షార్ప్ మాస్కింగ్. ఇవాళ కంప్యూటర్లో ఫొటో సరిచేసే దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరుతో ఒక మీట ఉంది. నొక్కేవాళ్ళలో ఎక్కువమందికి అది ఒకప్పుడు చేత్తో పట్టుకునే ఫిల్ము ముక్క అని తెలియదు. మాలిన్ గొప్పదనం దాన్ని ఖగోళ పలకలకి తెచ్చి, ఎంత అలకాలి, ఎంత పలుచగా కడగాలి అన్నది ఒక్కొక్క బొమ్మకీ విడిగా తేల్చుకోవడంలో ఉంది. ముసుగు దట్టమైతే నీహారిక చదునైపోయి ప్రాణం పోతుంది. పలుచనైతే తెల్లమచ్చ పోదు. అలుకుడు తక్కువైతే నక్షత్రాల చుట్టూ నల్లటి వలయాలు పడతాయి. మీట లేదు, వెనక్కి తిప్పే వీలు లేదు. ఫిల్ము కడిగి, ఆరబెట్టి, అమర్చి, ప్రింటు వేసి చూస్తేగానీ తేలదు.

మన ఊళ్ళ ఫొటో స్టూడియోల్లో ఒకప్పుడు నెగటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసేవాళ్ళు. మొటిమలు పోయేవి, కళ్ళకింద నలుపు పోయేది, పెళ్ళికూతురి బుగ్గ నున్నబడేది. అదీ చెయ్యి తిరిగిన పనే, నేను చులకన చెయ్యను. కానీ ఆ పెన్సిలుకి ఏ బుగ్గ ఎవరిదో తెలుసు. మాలిన్ ముసుగుకి తెలియదు. అది బొమ్మ మొత్తానికీ ఒకే లెక్క వేస్తుంది, ఏ మూలనీ ప్రత్యేకంగా బుజ్జగించదు. అందుకే ఆయన ప్రింటు అందంగా ఉంటూనే శాస్త్రజ్ఞుడు నమ్మగల సాక్ష్యంగా నిలిచింది.

ఇక ఆ పలక తయారీకి వద్దాం. అక్కడా తీసివేతే. అప్పటి ఖగోళ పలకల్లో మేలైనది కోడక్ వాళ్ళ త్రీ-ఏ-జె. రేణువు సన్నం, నలుపు తెలుపుల తేడా తీక్షణం, పని మాత్రం మహా నిదానం. డబ్బాలోంచి తీసినది తీసినట్టుగా వాడితే మసక గెలాక్సీ ఒకటి దిగడానికి ఒక రాత్రి చాలదు. కారణం వెండి లవణపు స్ఫటికం స్వభావంలో ఉంది. ఒక కాంతి కణం వచ్చి తగిలితే స్ఫటికంలో ఒక వెండి పరమాణువు విడివడుతుంది. ఒక్కటైతే నిలవదు, కాసేపటికి మళ్ళీ లవణంలో కలిసిపోతుంది. ఆ లోపు రెండోదీ మూడోదీ వచ్చి జతకూడితే గుంపు నిలుస్తుంది, డెవలపర్‌లో వేసినప్పుడు ఆ స్ఫటికం నల్లబడుతుంది. పగటి ఫొటోలో కాంతి కణాలు కుప్పలుగా వస్తాయి గనక ఇబ్బంది లేదు. నీహారిక నుంచి అవి తాపీగా, ఒకటి వచ్చి పోయాక ఎప్పటికో మరొకటిగా వస్తాయి. ముందొచ్చింది వెనకొచ్చేదాని కోసం ఆగదు. అందువల్ల వెలుగు సగమైతే సమయం రెండింతలు చాలదు, అంతకంటే ఎంతో ఎక్కువ కావాలి.

దీనికి విరుగుడు ఆ రోజుల్లోనే దొరికింది. పలకల్ని ముందుగా నైట్రోజన్‌లో వెచ్చగా కాచి, ఆపైన హైడ్రోజన్‌లో నానబెట్టడం. మందు పూతలోని జిలాటిన్‌లో దాగిన తేమనీ ఆక్సిజన్‌నీ నైట్రోజన్ తరిమేస్తుంది. ఆ రెండూ విడివడిన ఎలక్ట్రాన్లని మింగేసే దొంగలు. హైడ్రోజన్ ఒక్కొక్క స్ఫటికంలో ముందుగానే చిన్న వెండి బీజం వేసి పెడుతుంది. ఆపైన ఒకటీ అరా కాంతి కణం వచ్చినా వృథా పోదు. ఇలా తయారుచేసిన పలక గంటా గంటన్నరలో, మామూలు పలక రాత్రంతా కూర్చున్నా పట్టలేనిది పడుతుంది. హైడ్రోజన్ నిప్పుకి భగ్గుమనే వాయువు. చీకట్లో, ఆకాశం చూడటానికొచ్చిన వాళ్ళ పక్కగదిలో, దాన్ని రోజూ వాడాలంటే రసాయన శాలలో పెరిగిన మనిషే కావాలి. కాచే వేడి, నానే సమయం పట్టికలు రాసుకుని పలకల పెట్టె పెట్టెకీ సరిచూసుకోవడం మాలిన్ ఉద్యోగంలో భాగం. వేడిగానీ సమయంగానీ మితిమీరితే పలకంతా మబ్బు పడుతుంది.

గాజు పలకలంటే తెలుగు నేలకి కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ 1908లో ప్రభుత్వం చేతికొచ్చాక, ఆకాశమంతటినీ పటాలకెక్కించే అంతర్జాతీయ ప్రయత్నంలో తన వంతు పట్టీని తీసుకుంది. బేగంపేటలో తీసిన పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలని కంటితో, చేత్తో కొలిచి సంపుటాలుగా అచ్చు వేశారు. ఆ పలకల నుంచి వాళ్ళకి కావలసింది చుక్క ఎక్కడుందన్న సంగతి. చుక్కల మధ్య ఏముందన్నది కాదు. మాలిన్ పని సరిగ్గా ఆ మధ్యన ఉన్న దానితో.

చుక్కల మధ్య ఉన్నది నలుపని మనం అనుకుంటాం. ఎంత మారుమూల కొండ మీదైనా రాత్రి ఆకాశం నల్లగా ఉండదు. పైవాతావరణంలోని వాయువులే సన్నగా వెలుగుతుంటాయి. సూర్యుడి చుట్టూ పరుచుకున్న ధూళి వెలుగు వేరే, కనపడని నక్షత్రాల వెలుగు వేరే. ఊళ్ళ దీపాల సంగతి ఆ తర్వాత. సైడింగ్ స్ప్రింగ్‌ని అక్కడ కట్టింది ఆ చివరిది లేకుండా చేసుకోవడానికి. ఆ కొండని ఆనుకున్న వారంబంగల్ జాతీయవనాన్ని 2016లో ఆస్ట్రేలియాలో మొట్టమొదటి చీకటి ఆకాశపు వనంగా గుర్తించారు. అయినా మొదటి మూడు వెలుగులూ ఎక్కడికీ పోవు. పలకని తెరిచిన కాసేపట్నుంచీ ఆకాశం తన సొంత వెలుగుని దాని మీద సమంగా పరుస్తూనే ఉంటుంది. ఇంకా సేపు తెరిచి ఉంచితే గెలాక్సీ పెరగదు, మబ్బు పెరుగుతుంది. అది అందరికీ తెలిసిన హద్దు. దానికి అవతల ఏమీ దొరకదని పాఠ్యపుస్తకాల లెక్క.

1976లో మైకేల్ డిస్నీ అనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రజ్ఞుడు దీన్నే తిరగేసి అడిగాడు. మనం చూసే గెలాక్సీలన్నీ దాదాపు ఒకే నిగారింపుతో ఎందుకున్నాయి? అంతకంటే మసకవి లేకనా, ఆకాశపు వెలుగులో మునిగి మనకి చిక్కకనా? ప్రశ్న బాగుంది. చూపించడానికి సాక్ష్యం మాత్రం చాలినంత లేదు. ఆ సాక్ష్యం పలకల బీరువాలో అప్పటికే ఉండొచ్చని మాలిన్‌కి తోచడానికి కారణం ఆయన పాత వృత్తి. మైక్రోస్కోపు కింద మందు పూతని నిలువుకోత కోసి చూసినవాడికి అది ఉపరితలం కాదని తెలుసు. దానికి లోతుంది.

కష్టపడి వచ్చిన మసక వెలుగు మందు పూత పైపొరల్లోనే ఎక్కువగా ఆగిపోతుంది. కాబట్టి మసక గెలాక్సీ నల్లబరిచిన రేణువులన్నీ పైన, అంచుకి దగ్గరగా ఉంటాయి. రసాయనాల వల్ల ఊరికే పడిన మబ్బు రేణువులు మాత్రం లోతంతా సమంగా చెదిరి ఉంటాయి. రెండూ చూడటానికి ఒకేలాంటి నల్లటి రేణువులు. పైనుంచి చూస్తే విడదీయలేం. మాలిన్ ఏం చేశాడంటే, తీక్షణమైన నలుపు తెలుపు ఫిల్ముని ఈసారి గాజువైపు కాకుండా మందు పూతకే ఒత్తి ఆనించి, చెదిరిన వెలుగుతో నకలు తీశాడు. ఫిల్ముకి తగిలి ఉన్న పై రేణువులు స్ఫుటంగా పడ్డాయి. లోతున ఉన్నవి, అన్ని వైపుల నుంచీ వచ్చే వెలుగులో, తమ నీడని అలికేసుకున్నాయి. మబ్బు వెనక్కిపోయి మసక బొమ్మ ముందుకొచ్చింది. ముసుగు పనిలో గాజు మందాన్ని అలకడానికి వాడిన మనిషి, ఇక్కడ మందు పూత మందాన్ని వడకట్టడానికి వాడాడు. నాకు ఆయన పనులన్నిటిలో ఇదే ఎక్కువ నచ్చుతుంది. కొత్త యంత్రం లేదు, కొత్త రసాయనం లేదు. ఫిల్ముని ఎటు ఆనించాలన్న విచక్షణ ఒక్కటే.

1978లో ఈ పద్ధతిని ఆయన 'నేచర్' పత్రికలో వివరించాడు. దీంతో ఆకాశపు సొంత వెలుగులో నూటికి ఒక వంతు ఉన్నవి కూడా పట్టుబడ్డాయి. ఒకే చోటు తీసిన పలకలు నాలుగైదుంటే, వాటన్నిటి నకళ్ళనీ ఒకదాని మీద ఒకటి అమర్చి ప్రింటు వేసేవాడు. రేణువుల గరుకుదనం ఒక్కో పలకలో ఒక్కో తీరుగా ఉంటుంది గనక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గెలాక్సీ అన్నిటిలోనూ అక్కడే ఉంటుంది గనక నిలబడుతుంది. ఇవాళ పెరట్లో టెలిస్కోపు పెట్టుకున్న ప్రతి అభిరుచిపరుడూ వందల ఫ్రేములని కంప్యూటర్లో కలిపేది ఇందుకే.

దొరికినవి చిన్నవి కావు. దీర్ఘవృత్తాకార గెలాక్సీలు నున్నటి వెలుగు ముద్దలని, వాటిలో చెప్పుకోదగ్గ రూపం ఏమీ లేదని అప్పటిదాకా అనుకునేవారు. 1980లో మాలిన్, ఖగోళ శాస్త్రజ్ఞుడు డేవిడ్ కార్టర్ కలిసి వాటిలో కొన్నిటి చుట్టూ పొరలుపొరలుగా పెద్ద గుల్లలున్నాయని ప్రకటించారు. ఎన్‌జీసీ 1344, ఎన్‌జీసీ 3923 లాంటివి. ఒక అంచు ఇటు, మరో అంచు అటు, కేంద్రం నుంచి దూరం దూరంగా. నాలుగేళ్ళకి పీటర్ క్విన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కంప్యూటర్‌లో లెక్కలు కట్టి అవి ఎలా వస్తాయో చూపించాడు. పెద్ద గెలాక్సీ ఒక చిన్న గెలాక్సీని మింగితే, చిన్నదాని నక్షత్రాలు పెద్దదాని మధ్యగుండా అటూ ఇటూ ఊగుతాయి. ఊగుడు చివర వేగం తగ్గి గుమిగూడిన చోట ఆ అంచులు కనిపిస్తాయి. నున్నటి ముద్దలనుకున్నవి భోజనం చేసి ఎంతోకాలం కాలేదని తేలింది.

ఆ తర్వాతిది ఇంకా విచిత్రం. కన్యారాశి వైపున్న గెలాక్సీల గుంపులో బాగా మసకవాటి కోసం గ్రెగ్ బోథున్, క్రిస్ ఇంపీ అనే ఖగోళ శాస్త్రజ్ఞులు వెతుకుతూ మాలిన్ సాయం తీసుకున్నారు. ఆయన ష్మిట్ పలకలకి తన పద్ధతి ప్రయోగించి అనుమానపు మరకల్ని గుర్తించాడు. వాటిలో ఒకటి ఆ గుంపులోది కాదని, దానికి ఎంతో వెనక, వంద కోట్ల కాంతి సంవత్సరాలకి పైబడిన దూరంలో ఉందని 1986లో తెలిసింది. అంత దూరంలో ఉండి పలక మీద అంత చోటు ఆక్రమించిందంటే, దాని పళ్ళెం మన పాలపుంతకి ఆరేడు రెట్లు వెడల్పుండాలి. అంతవరకు తెలిసిన సర్పిల గెలాక్సీలలో అంత పెద్దది లేదు. అయినా ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే దాని వెలుగంతా అంత వెడల్పున పలుచబడిపోయింది. 1987లో వ్యాసం అచ్చయింది. దాని పేరు ఇప్పటికీ మాలిన్-1. డిస్నీ అడిగిన ప్రశ్నకి అంతకంటే పెద్ద జవాబు ఎవరూ కోరుకోలేరు.

రంగుల సంగతికి వస్తే ఆయన్ని ఎక్కువమంది ఎరిగింది అందుకే. గోడ క్యాలెండర్ల మీద, పాఠ్యపుస్తకాల అట్టల మీద కనిపించిన గుర్రపుతల నీహారిక ఆయనది. పెద్ద టెలిస్కోపులతో రంగు ఫొటోలు 1950లలోనే పాలోమార్ అబ్జర్వేటరీలో తీశారు, రంగు ఫిల్ము పెట్టి. అయితే రంగు ఫిల్ములో మూడు పొరలుంటాయి. దీర్ఘకాలపు మసక వెలుగులో ఆ మూడూ ఒకే తీరుగా మందగించవు. ఒకటి ముందు చతికిలబడుతుంది, మరొకటి వెనక. వచ్చే రంగు ఆకాశానిదో ఫిల్ము బలహీనతదో చెప్పలేం. మాలిన్ రంగు ఫిల్ముని టెలిస్కోపులోంచే తీసేశాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా మూడు నలుపు తెలుపు పలకలు తీసి, వాటి నకళ్ళని చీకటిగదిలో ఒకదాని తర్వాత ఒకటి ఆయా రంగు వెలుగుతో ఒకే రంగు కాగితం మీద వేశాడు. 1861లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండన్‌లో ఒక గళ్ళ రిబ్బను బొమ్మని మూడు దీపాలతో తెర మీద వేసి రంగు ఫొటో సాధ్యమని చూపించిన పద్ధతే ఇది.

మూడు పలకలూ మూడు వేరువేరు సమయాల్లో తీసినవి. గాలి ఒకసారి నిలకడగా, ఒకసారి కలతగా ఉంటుంది. పలక చలికి కాస్త ముడుచుకుంటుంది. ఈ మూడు బొమ్మల్లోని వేల నక్షత్రాలనూ ఎన్‌లార్జరు కింద ఒకదాని మీద ఒకటి పడేలా అమర్చాలి. తప్పితే ప్రతి చుక్కకీ ఒకవైపు ఎర్రటి, మరోవైపు నీలపు అంచు తేలుతుంది. మాలిన్ ప్రింటు చేతికొస్తే నేనైతే నీహారికని వదిలేసి ముందు మూలల్లోని చిన్న చుక్కలు చూస్తాను. అక్కడ కుదిరితే మిగతాదంతా కుదిరినట్టే. ఆ చుక్కలు తెల్లగా ఉండవు. కొన్ని నారింజ, కొన్ని లేత నీలం, కొన్ని మజ్జిగ రంగు. నక్షత్రం వేడి ఎంతో రంగు చెబుతుంది. మామూలు ఫొటోల్లో నక్షత్రం మధ్యభాగం మాడి తెల్లబడి ఆ రంగు పోతుంది. ఖగోళ శాస్త్రజ్ఞుడు పాల్ మర్డిన్‌తో కలిసి 1984లో ఆయన వేసిన పుస్తకం పేరే 'కలర్స్ ఆఫ్ ది స్టార్స్'. కంటితో చూస్తే ఏ నీహారికా ఇంత రంగుగా ఉండదు, పెద్ద టెలిస్కోపులోనైనా బూడిద రంగే, మహా అయితే కాస్త పచ్చ ఛాయ. మసక వెలుగులో మన కంటికి రంగు అందదు. రంగు మాత్రం అక్కడ ఉంది. హైడ్రోజన్ ఎరుపు నిజం, ధూళి చెదరగొట్టిన నీలం నిజం.

1987 ఫిబ్రవరిలో పెద్ద మాగెల్లాన్ మేఘంలో ఒక నక్షత్రం పేలింది. దక్షిణాకాశం వాళ్ళకే కనిపించిన ఆ సూపర్‌నోవాకి ముందు అదే చోటు తీసిన పలకలు మాలిన్ దగ్గరున్నాయి. ఒకటి రెండేళ్ళ తర్వాత, పేలుడు వెలుగు మనకీ ఆ నక్షత్రానికీ మధ్యనున్న రెండు ధూళి తెరల మీద పడి ఆలస్యంగా మనవైపు తిరిగింది. అది రెండు వలయాలుగా కనిపిస్తుంది. ప్రతిధ్వనిలాంటి వెలుగు. కిక్కిరిసిన నక్షత్రాల మధ్య ఆ వలయాలు దాదాపు తెలియవు. మాలిన్ ముందరి పలకల పాజిటివ్‌ని తర్వాతి పలకల నెగటివ్‌తో కలిపాడు, మూడు రంగులకీ విడివిడిగా. రెంటిలోనూ ఉన్నది చెల్లుకుపోయింది. నక్షత్రాలు చెరిగీ చెరగని మరకలుగా మిగిలాయి. కొత్తగా వచ్చింది ఒక్కటే నిలిచింది, ఒకదాన్లో ఒకటిగా రెండు వలయాలు. పద్దు పుస్తకం మూసినంత శుభ్రంగా ఉంటుంది ఆ బొమ్మ. ఆయన తీసివేతలన్నిటికీ ఇది పరాకాష్ఠ అని నా లెక్క. గుర్రపుతల కంటే దీన్ని పైన పెడతాను.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పకపోతే బాగుండదు. ముసుగు వేసి తీసిన ఓరియన్‌లో ఒక లోటుంది. నడిమి వాయువుకీ అంచు వాయువుకీ నిజానికి వెలుగులో వేల రెట్ల తేడా. ప్రింటులో అవి రెండూ పక్కపక్క ఇళ్ళ వాళ్ళలా కనిపిస్తాయి. దేని రూపమేమిటో తెలుస్తుంది, ఏది ఎంత ప్రకాశమో తెలియదు. చూసేవాడికి ఈ సంగతి ముందే చెప్పాలి. ఆయన బొమ్మల కింద పద్ధతి రాసి ఉండేది గనక ఆయనకి చెల్లింది. తర్వాత వచ్చిన తరాలు అదే మీటని కంప్యూటర్లో ఎడాపెడా నొక్కి, రంగులు చిక్కబెట్టి, కింద ఏమీ రాయకుండా వదులుతున్నాయి. నున్నటి మేఘం ఇనుప తీగలల్లుకున్నట్టు తయారవుతోంది. పరికరం చేతికి సులువుగా రావడం మంచిదే. దాన్ని ఎంతవరకు నొక్కాలో చెప్పే చెయ్యి దానితోపాటు రాలేదు.

సీసీడీలనే ఎలక్ట్రానిక్ చిప్పులు వచ్చాక గాజు పలకల కాలం చెల్లింది. కాంతి కణాల్లో ఫొటో పలక నూటికి రెండో మూడో పట్టుకుంటే, ఇవి డెబ్భై ఎనభై పట్టుకుంటాయి, పైగా అంకెలుగా ఇస్తాయి. 2001లో మాలిన్ అబ్జర్వేటరీ ఉద్యోగం వదిలాడు. ఇప్పుడు హైదరాబాదులోని అభిరుచిపరుడు కూడా శ్రీశైలం దారిలో నల్లమల చివరకి వెళ్ళో, లద్దాఖ్‌లో 2022లో చీకటి ఆకాశపు అభయారణ్యంగా ప్రకటించిన హాన్లే దాకా వెళ్ళో, మాలిన్ కలలో కూడా అడగని పరికరంతో ఒక రాత్రిలో గుర్రపుతల తీసుకొస్తున్నాడు. ఊరి వెలుగుకి లొంగనిది ఏదైనా ఉందంటే మసక గెలాక్సీ మాత్రం కాదు. దానికి ఇంకా కొండలే కావాలి.

మాలిన్-1 మాత్రం కొత్త పరికరాలకి కూడా తేలిగ్గా చిక్కలేదు. హబుల్ టెలిస్కోపు పాత చిత్రాలని 2007లో మళ్ళీ పరిశీలిస్తే, దాని నడిమి భాగం మామూలు గెలాక్సీలాగే ఉందని తేలింది. ఆ చుట్టూ పరుచుకున్న మహా పళ్ళెం 2015 దాకా చక్కగా బొమ్మకెక్కలేదు. ఆ ఏడాది గాస్పర్ గలాజ్ బృందం చిలీలోని 6.5 మీటర్ల మాగెల్లాన్ టెలిస్కోపుతో గంటల తరబడి డిజిటల్ చిత్రాలు తీసి కలిపితే, దాని సర్పిల బాహువులు విడివిడిగా తేలాయి, సన్నగా, పొడుగ్గా, కేంద్రానికి ఎంతో దూరందాకా చుట్టుకుంటూ. ష్మిట్ పలక మీద అదంతా ఒక మరక. అది ఉత్త మరక కాకపోవచ్చని మొదట అనుమానించడానికి అప్పుడు వాడినవి 1.2 మీటర్ల టెలిస్కోపు, ఒక గాజు పలక, దాని మందు పూతకి ఒత్తి ఆనించిన ఒక ఫిల్ము ముక్క.